బ్యాచ్ అయిపోగానే ఫోల్డరు మూసుకోవాలంటే: అపాచీలో డేటాబేస్ లాగిన్ పెట్టుకునే పద్ధతి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఉన్న చాలా ఇన్‌స్టిట్యూట్లలాగే మీ దగ్గరా క్లాసు రికార్డింగులు, పీడీఎఫ్ నోట్సు, మాక్ టెస్టులు ఒక వెబ్‌సైట్‌లో ఫోల్డర్లుగా ఉన్నాయనుకుందాం. జావా బ్యాచ్‌కి ఒక ఫోల్డరు, టెస్టింగ్ బ్యాచ్‌కి ఇంకొకటి. ఫీజు కట్టినవాళ్లకే అవి తెరుచుకోవాలి. మొదట్లో ఎక్కువమంది చేసేది, అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డ్ పెట్టి వాట్సాప్ గ్రూపులో పంపేయడం. బ్యాచ్ అయిపోయినా ఆ పాస్‌వర్డ్ ఊరంతా తిరుగుతూనే ఉంటుంది. ఇంకాస్త జాగ్రత్తగా ఉండేవాళ్లు హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలు (పేర్లు, పాస్‌వర్డ్‌లు రాసి ఉండే ఫైలు) పెట్టి ఒక్కొక్కరికీ విడిగా పాస్‌వర్డ్ ఇస్తారు. ఇరవై ముప్పై మంది ఉన్నంతవరకు అది చక్కగా పనిచేస్తుంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా సర్వర్‌లోకి వెళ్లగలిగే మనిషే కావాలి. చేర్చడం ఎవరూ మర్చిపోరు, ఎందుకంటే ఫీజు కట్టిన స్టూడెంటే ఫోన్ చేసి అడుగుతాడు. నా పేరు తీసేయండి అని మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. అలా పాత పేర్లు పేరుకుపోతాయి. అందుకే ఏ లాగిన్ ఏర్పాటునైనా నేను ఒక్క ప్రశ్నతోనే చూస్తాను: గడువు అయిపోయిన మనిషి తనంతట తానే బయటికి వెళ్లిపోతున్నాడా, లేక ఎవరో గుర్తుపెట్టుకుని పంపాలా? డేటాబేస్ పెట్టేది ముఖ్యంగా ఇందుకే. ఎవరు లోపలికి రావచ్చో ఒక ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) ప్రశ్న తేలుస్తుంది కాబట్టి, అదే ప్రశ్నలో తేదీని కూడా కలిపేయవచ్చు.

ఇందుకు వెబ్ పేజీల్ని అందించే అపాచీ సాఫ్ట్‌వేర్‌లో బయటి ప్లగిన్లేవీ అక్కర్లేదు. 2005 చివర్లో వచ్చిన 2.2 వెర్షన్ నుంచే మాడ్_ఆథ్ఎన్_డీబీడీ అనే మాడ్యూల్ అందులోనే ఉంది. 2012లో వచ్చిన 2.4లో దానికి తోడుగా మాడ్_ఆథ్‌జెడ్_డీబీడీ చేరింది. మొదటిది మనిషెవరో చూస్తుంది, రెండోది ఆ మనిషికి ఈ ఫోల్డరు చూసే హక్కు ఉందో లేదో చూస్తుంది. ఈ రెండు పనుల్నీ విడిగా ఉంచడమే ఈ ఏర్పాటుకి ప్రాణం.

కింద చెప్పేదంతా ఉబుంటు సర్వర్, అపాచీ 2.4, మరియాడీబీ డేటాబేస్ మీద. ఆజ్ఞల పేర్లు, సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. సెట్టింగుల పేర్లలో ఎక్కడా ఖాళీ ఉండదు.

ముందు హెచ్‌టీటీపీఎస్

దారిలో ఎవరూ చదవలేకుండా పంపే ఈ ఏర్పాటు చేయకుండా మిగతా ఏ మెట్టూ ఎక్కకండి. మనం వాడబోయే బేసిక్ ఆథెంటికేషన్‌లో (బ్రౌజరే ఒక చిన్న పెట్టెలో పేరు, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) బ్రౌజరు యూజర్ నేమ్‌ని, పాస్‌వర్డ్‌ని బేస్64లోకి మార్చి పంపుతుంది. అది రహస్య లిపి కాదు, ఎవరైనా క్షణంలో వెనక్కి మార్చేయవచ్చు. పైగా లాగిన్ అయినప్పుడు ఒక్కసారే కాదు, ప్రతి బొమ్మకీ, ప్రతి పీడీఎఫ్‌కీ, ప్రతి రిక్వెస్టులోనూ వెళ్తుంది. హాస్టల్ వై-ఫైలో కూర్చున్న స్టూడెంటు పాస్‌వర్డు మామూలు హెచ్‌టీటీపీలో వెళ్తే, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, సర్ట్‌బాట్ అనే పనిముట్టుతో తెచ్చుకోండి. తర్వాత పోర్ట్ 80ని (మామూలు హెచ్‌టీటీపీ) పోర్ట్ 443కి (హెచ్‌టీటీపీఎస్) మళ్లించాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మళ్లింపుని ఫోల్డరులో ఉండే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైల్లో రాస్తే, అపాచీ ముందు పాస్‌వర్డ్ అడిగి ఆ తర్వాతే మళ్లిస్తుంది. అంటే పాస్‌వర్డ్ బట్టబయలుగా వెళ్లిపోయాకే హెచ్‌టీటీపీఎస్ వస్తుంది. అందుకని మళ్లింపుని అపాచీ కాన్ఫిగరేషన్‌లో పోర్ట్ 80 వర్చువల్ హోస్ట్ (ఒక సైటు సెట్టింగులుండే) బ్లాకులోనే రాయండి. ఆ బ్లాకులో సర్వర్ నేమ్, రీడైరెక్ట్ వరస తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ప్యాకేజీలు, మాడ్యూళ్లు

ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్ ఆజ్ఞతో అపాచీ2, మరియాడీబీ సర్వర్, అపాచీ2-యుటిల్స్ వేసుకోండి. వీటితో పాటు లిబ్‌ఏపీఆర్‌యుటిల్1-డీబీడీ-మైఎస్‌క్యూఎల్ అనే ప్యాకేజీ తప్పనిసరి. అపాచీకీ డేటాబేస్‌కీ మధ్య డ్రైవర్ అదే, కానీ అపాచీతో పాటు రాదు. మాడ్యూళ్లన్నీ ఆన్ చేసి సెట్టింగులన్నీ సరిగ్గా రాసినా, డ్రైవర్ ఫైలు లోడ్ కాలేదని ఎర్రర్ లాగ్‌లో కనిపిస్తే కారణం ఇదే. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకీ, ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లకీ ఇలాంటివే వేరే ప్యాకేజీలు ఉన్నాయి. ఎస్‌క్యూలైట్ వాడితే డేటాబేస్ ఫైలుని వెబ్‌సైట్ ఫోల్డరు లోపల మాత్రం పెట్టకండి.

తర్వాత ఏ2ఎన్‌మాడ్ అనే ఆజ్ఞతో డీబీడీ, ఆథ్ఎన్_డీబీడీ, ఆథ్‌జెడ్_డీబీడీ, ఆథ్ఎన్_సోకాష్, సోకాష్_ఎస్‌హెచ్ఎంసీబీ మాడ్యూళ్లను ఆన్ చేయండి. ఆథ్_బేసిక్ మామూలుగా ముందే ఆన్‌లో ఉంటుంది.

టేబుళ్లు రెండు చాలు

మొదటి టేబుల్ స్టూడెంట్స్. అందులో మూడు కాలమ్‌లు: యూజర్‌నేమ్, పీడబ్ల్యూ, యాక్టివ్. యూజర్‌నేమ్ ప్రైమరీ కీ, అంటే ఒకే పేరు రెండుసార్లు రాదు. పీడబ్ల్యూ కాలమ్‌కి వార్‌చార్ 255 ఇవ్వండి. అందులో పాస్‌వర్డ్‌కి బదులు దాని హ్యాష్ (వెనక్కి మార్చలేని రూపం) ఉంటుంది. మనం వాడే బీక్రిప్ట్ హ్యాష్ 60 అక్షరాలుంటుంది. కాలమ్ అంతకన్నా చిన్నదైతే కొన్ని సెట్టింగుల్లో డేటాబేస్ ఏ ఎర్రరూ చూపకుండా హ్యాష్ తోక కత్తిరించేస్తుంది. అప్పుడు పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వదు, ఎందుకో అంతుపట్టదు. యాక్టివ్ అనేది 1 లేదా 0.

రెండో టేబుల్ ఎన్‌రోల్‌మెంట్స్. యూజర్‌నేమ్, బ్యాచ్, వ్యాలిడ్_టిల్. చివరిది గడువు తేదీ, డేట్ రకం. ఒకే స్టూడెంటు జావాలోనూ టెస్టింగ్‌లోనూ ఉండవచ్చు కాబట్టి యూజర్‌నేమ్, బ్యాచ్ రెండూ కలిపి ప్రైమరీ కీ చేయండి. బ్యాచ్ కాలమ్‌కి గ్రూప్ అని పేరు పెట్టకండి. అపాచీ డాక్యుమెంటేషన్ ఉదాహరణలో అదే పేరు ఉంటుంది కానీ, మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలకు అది రిజర్వుడ్ పదం. అలాగే ఎత్తి రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.

యూజర్‌నేమ్‌గా ఏం పెట్టాలన్నది కొంచెం ఆలోచించాల్సిన విషయం. మన దగ్గర అలవాటు కొద్దీ మొబైల్ నంబరు పెట్టేస్తారు, గుర్తుంటుంది కదా అని. నేను వద్దంటాను. బేసిక్ ఆథెంటికేషన్‌లో యూజర్ నేమ్ అపాచీ యాక్సెస్ లాగ్‌లో ప్రతి వరసలోనూ పడుతుంది. అంటే స్టూడెంట్ల ఫోన్ నంబర్లన్నీ లాగ్ ఫైళ్లలో, వాటి బ్యాకప్‌లలో, ఆ లాగ్ చూసిన ప్రతివాళ్ల దగ్గరా ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం వ్యక్తిగత సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆడపిల్లల నంబర్లు ఎవరి కంటపడితే వాళ్ల చేతికి పోవడం ఎవరికీ మంచిది కాదు. రోల్ నంబరు పెట్టండి. చిన్నక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి.

డేటాబేస్‌కి చదవడం తప్ప మరో హక్కు లేని యూజర్

అపాచీ కోసం డేటాబేస్‌లో వెబ్‌ఆథ్ అని ఒక యూజర్‌ని సృష్టించి, ఆ రెండు టేబుళ్ల మీద సెలెక్ట్ హక్కు ఒక్కటే ఇవ్వండి. అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌తో కనెక్ట్ చేస్తే అన్నీ వెంటనే పనిచేస్తాయి, నిజమే. కానీ ఆ పాస్‌వర్డ్ బయటపడిన రోజున ఫీజుల లెక్కలతో సహా మీ డేటాబేస్ మొత్తం పోతుంది.

ఈ యూజర్ పాస్‌వర్డ్‌లో ఖాళీ, కామా, సెమికోలన్, నిలువు గీత ఉండకూడదు. కనెక్షన్ వివరాలన్నీ ఒకే వరసలో రాస్తాం. డ్రైవర్ ఆ వరసని ఈ గుర్తుల దగ్గరే ముక్కలు చేస్తుంది, దాంతో పాస్‌వర్డ్ సగంలో తెగిపోతుంది. అక్షరాలు, అంకెలు మాత్రమే వాడి, పొడుగ్గా ముప్పై అక్షరాలు పెట్టండి.

కనెక్షన్ వివరాలకు అపాచీ కాన్ఫిగరేషన్‌లో వేరే ఫైలు చేయండి. అందులో డీబీడ్రైవర్ అని రాసి ఎదురుగా మైఎస్‌క్యూఎల్. కింద డీబీడీపారమ్స్ అని రాసి, కోట్స్ మధ్య హోస్ట్, డీబీనేమ్, యూజర్, పాస్ విలువలు వరసగా, ఒక్కో దానికీ మధ్య ఖాళీ వదిలి. ఈ రెండూ సర్వర్ స్థాయిలో గానీ వర్చువల్ హోస్ట్‌లో గానీ ఉండాలి, ఒక ఫోల్డరు సెట్టింగులుండే డైరెక్టరీ బ్లాకులో పెడితే అపాచీ ఒప్పుకోదు. ఫైలు ఓనర్ రూట్, పర్మిషన్ 600. అపాచీ స్టార్ట్ అయ్యేటప్పుడు రూట్‌గా ఈ ఫైలు చదివేసి, ఆ తర్వాత డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్‌గా మారుతుంది కాబట్టి ఇంకెవరికీ చదివే హక్కు అక్కర్లేదు.

కనెక్షన్ల సంఖ్య కూడా ఇక్కడే చూసుకోవాలి. ఉబుంటులో అపాచీ మామూలుగా నడిచే ఈవెంట్ పద్ధతిలో ఒక్కో ప్రాసెస్‌కి 25 థ్రెడ్లు (ఒక్కోటి ఒక రిక్వెస్టుని చూసుకుంటుంది), మొత్తం 150. అంటే నిండుగా ఉన్నప్పుడు ఆరు ప్రాసెస్‌లు. కనెక్షన్ల పరిమితి డీబీడీమాక్స్, దాని మామూలు విలువ 10. అది ఒక్కో ప్రాసెస్‌కి విడిగా లెక్క కాబట్టి గరిష్ఠంగా 60 కనెక్షన్లు. ఇబ్బంది లేదు. మాడ్_పీహెచ్‌పీ కోసం ప్రీఫోర్క్ (థ్రెడ్లు లేకుండా ఒక్కో రిక్వెస్టుకి ఒక ప్రాసెస్) పద్ధతి వాడుతుంటే మాత్రం ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో కనెక్షన్, అంటే 150 దాకా. మరియాడీబీ మామూలుగా ఒప్పుకునేది 151. సాయంత్రం అందరూ ఒకేసారి రికార్డింగులు తెరిస్తే, అదే డేటాబేస్ వాడే మీ మిగతా సైటుకి కనెక్షన్ మిగలదు. ప్రీఫోర్క్ ఉన్నవాళ్లు డేటాబేస్ పరిమితిని పెంచుకోండి.

అసలు తాళం: రెండు ప్రశ్నలు

జావా బ్యాచ్ ఫోల్డరుకి ఒక డైరెక్టరీ బ్లాకు రాయండి. లోపల ఆథ్‌టైప్ బేసిక్. ఆథ్‌నేమ్‌కి మీ ఇన్‌స్టిట్యూట్ పేరు. ఈ పేరు అన్ని ఫోల్డర్లకీ ఒకటే ఉంచితే మంచిది. వేరు వేరుగా పెడితే రెండు బ్యాచ్‌లున్న స్టూడెంటుని బ్రౌజరు రెండుసార్లు అడుగుతుంది. ఆథ్‌బేసిక్‌ప్రొవైడర్ ఎదురుగా సోకాష్ (జవాబుల్ని కాసేపు గుర్తుపెట్టుకునేది), డీబీడీ అని ఇదే వరసలో. ఆథ్ఎన్‌కాష్‌ప్రొవైడ్‌ఫర్ ఎదురుగా డీబీడీ.

మొదటి ప్రశ్న ఆథ్‌డీబీడీయూజర్‌పీడబ్ల్యూక్వెరీ. స్టూడెంట్స్ టేబుల్ నుంచి, ఈ యూజర్‌నేమ్‌తో యాక్టివ్ 1గా ఉన్న వరసలోని పీడబ్ల్యూ ఇవ్వమని అడగాలి. యూజర్‌నేమ్ రావాల్సిన చోట శాతం గుర్తు పెట్టి పక్కనే చిన్న ఎస్ రాయండి. దాని చుట్టూ సింగిల్ కోట్స్ పెట్టకండి. ఇది ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌గా (ప్రశ్న ముందే సిద్ధమై, విలువ విడిగా చేరే పద్ధతి) వెళ్తుంది కాబట్టి విలువని సురక్షితంగా అతికించే పని డ్రైవరే చూసుకుంటుంది. యూజర్ నేమ్ పెట్టెలో ఎవరైనా ఎస్‌క్యూఎల్ ముక్కలు రాసి దొంగదారి వెతికినా అది వట్టి పేరుగానే మిగిలిపోతుంది. ఈ సెట్టింగు డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో పనిచేయదు, డైరెక్టరీ బ్లాకులోనే ఉండాలి. అందుకే సొంత సర్వర్ లేకుండా షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవాళ్లకి ఈ దారి దొరకదు.

రెండో ప్రశ్న ఆథ్‌జెడ్‌డీబీడీక్వెరీ. ఎన్‌రోల్‌మెంట్స్ నుంచి ఈ యూజర్‌నేమ్‌కి, వ్యాలిడ్_టిల్ ఇవాళ్టి తేదీ లేదా ఆ తర్వాతిదిగా ఉన్న వరసల బ్యాచ్ పేర్లన్నీ ఇవ్వమని అడగాలి. ఇవాళ్టి తేదీకి కర్‌డేట్ ఫంక్షన్. కింద రిక్వైర్ డీబీడీ-గ్రూప్ అని రాసి ఎదురుగా బ్యాచ్ పేరు, ఉదాహరణకి జావా-జనవరి. టెస్టింగ్ ఫోల్డరుకి ఇదే బ్లాకు కాపీ చేసి, ఫోల్డరు దారినీ ఆ చివరి వరసలో బ్యాచ్ పేరునీ మారిస్తే చాలు.

తేదీని మొదటి ప్రశ్నలో కాకుండా రెండోదానిలో ఎందుకు పెట్టామంటే, సోకాష్ వల్ల. అది మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబుని 300 సెకన్ల పాటు గుర్తుపెట్టుకుంటుంది. ఒక పేజీలో ముప్పై ఫైళ్లుంటే ముప్పైసార్లు డేటాబేస్‌ని అడగకుండా కాపాడేది అదే. కానీ ఆ అయిదు నిమిషాల్లో మీరు యాక్టివ్ 0 చేసినా పాత జవాబే నడుస్తుంది. రెండో ప్రశ్నకి అలాంటి జ్ఞాపకం లేదు, ప్రతి రిక్వెస్టుకీ డేటాబేస్‌ని కొత్తగా అడుగుతుంది. కాబట్టి తేదీ దాటినా, ఎన్‌రోల్‌మెంట్ వరస తీసేసినా తర్వాతి క్లిక్కుకే ఫోల్డరు మూసుకుంటుంది. ఎవరినైనా ఉన్నపళంగా ఆపాల్సి వస్తే ఎన్‌రోల్‌మెంట్స్‌లోనే చేయిపెట్టండి.

తేదీ విషయంలో ఇంకొకటి. మీ క్లౌడ్ సర్వర్ హైదరాబాద్ డేటా సెంటర్‌లోనే ఉన్నా, దాని గడియారం చాలావరకు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది. అప్పుడు డేటాబేస్ దృష్టిలో తేదీ మారేది మన ఉదయం 5.30కి. నిన్నటితో గడువు అయిపోయినవాళ్లు తెల్లవారేదాకా లోపలే ఉంటారు, ఇవాళ్టి లెక్కలు నిన్నటివిగా కనిపిస్తాయి. మరియాడీబీ కాన్ఫిగరేషన్‌లో డిఫాల్ట్ టైమ్ జోన్‌ని ప్లస్ 05:30 చేసి రీస్టార్ట్ చేయండి.

ఆథ్‌జెడ్‌సెండ్‌ఫర్‌బిడెన్‌ఆన్‌ఫెయిల్యూర్ అనే పొడవాటి సెట్టింగు ఒకటుంది, దాన్ని ఆన్ చేయమని గట్టిగా చెబుతాను. అది లేకపోతే గడువు ముగిసిన స్టూడెంటుకి 401 వెళ్తుంది. అంటే బ్రౌజరు మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది. తన పాస్‌వర్డే తప్పనుకుని అతను పదిసార్లు కొట్టి, టెన్షన్ పడి, ఆఫీసుకి ఫోన్ చేస్తాడు. ఆన్ చేస్తే 403 వెళ్తుంది, అంటే ప్రవేశం లేదని. ఎర్రర్‌డాక్యుమెంట్ 403కి ఒక చిన్న పేజీ పెట్టి, ‘మీ పాస్‌వర్డ్ సరైనదే. ఈ బ్యాచ్ గడువు ముగిసింది, లేదా మీరు ఈ బ్యాచ్‌లో లేరు. ఆఫీసులో కలవండి’ అని తెలుగులో రాయండి. ఆ పేజీ తాళం వేసిన ఫోల్డరు బయట ఉండాలి. దీనివల్ల పాస్‌వర్డ్ ఊహించే దొంగకి కూడా తను ఊహించింది సరైనదేనని తెలిసిపోతుంది, అది నిజమే. కానీ పాస్‌వర్డ్‌లు మనమే తయారుచేసి ఇస్తే ఆ ఊహ కుదిరే అవకాశం లేదు.

పాస్‌వర్డ్‌లు తయారుచేయడం

డేటాబేస్‌లో ఉన్నదున్నట్టు పాస్‌వర్డ్ పెట్టకండి. మైఎస్‌క్యూఎల్‌లో ఒకప్పుడున్న పాస్‌వర్డ్ ఫంక్షన్ కూడా పనికిరాదు, అపాచీకి ఆ రూపం తెలియదు. హెచ్‌టీపాస్‌వర్డ్ పనిముట్టునే వాడండి. హైఫన్ పెట్టి చిన్న ఎన్, పెద్ద బీ రాసి యూజర్ నేమ్ ఇస్తే, అది పాస్‌వర్డ్ అడిగి, ఫైల్లో రాయకుండా తెర మీదే చూపిస్తుంది. కోలన్ తర్వాత ఉన్న ముక్క మాత్రమే పీడబ్ల్యూ కాలమ్‌లోకి వెళ్లాలి. ఆ ముక్క డాలర్ గుర్తు, 2వై, మళ్లీ డాలర్ గుర్తు అని మొదలవ్వాలి. చిన్న బీ వాడితే పాస్‌వర్డ్‌ని ఆజ్ఞలోనే రాయవచ్చు కానీ అది సర్వర్ హిస్టరీలో ఉండిపోతుంది. పీహెచ్‌పీలో పాస్‌వర్డ్_హ్యాష్ ఇచ్చే బీక్రిప్ట్ కూడా ఇదే రూపంలో ఉంటుంది, నేరుగా పనిచేస్తుంది.

బీక్రిప్ట్‌కి కాస్ట్ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కటి పెంచితే పని రెండింతలవుతుంది. హెచ్‌టీపాస్‌వర్డ్ మామూలుగా 5 పెడుతుంది, పీహెచ్‌పీ 8.4 నుంచి 12 పెడుతుంది. మధ్యలో ఏడు మెట్లు, అంటే 128 రెట్ల తేడా. ఎక్కువుంటే మంచిదేగా అని 12 పెట్టేయకండి. సోకాష్ గుర్తుపెట్టుకునేది హ్యాష్‌ని మాత్రమే, సరిపోల్చే పని ప్రతి రిక్వెస్టుకీ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. స్టూడెంటు రికార్డింగ్‌లో ముందుకీ వెనక్కీ జరిపిన ప్రతిసారీ ఒక కొత్త రిక్వెస్టు. వందమంది అలా చూస్తుంటే సర్వర్ ప్రాసెసర్ మొత్తం హ్యాష్‌లకే పోతుంది. నా సలహా: పాస్‌వర్డ్ స్టూడెంటుని పెట్టుకోమనకుండా మీరే యాదృచ్ఛికంగా 14 అక్షరాలు తయారుచేసి ఇవ్వండి, కాస్ట్ 6 గానీ 7 గానీ ఉంచండి. పాస్‌వర్డ్‌లోనే బలం ఉన్నప్పుడు కాస్ట్ మీద అంత భారం వేయనక్కర్లేదు. సొంత పాస్‌వర్డ్ వద్దనడానికి ఇంకో కారణం, పిల్లలు తమ మెయిల్ పాస్‌వర్డే ఇక్కడా పెడతారు.

పరీక్షించడం

అపాచీసీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్ చెప్పేది సింటాక్స్ బాగుందని మాత్రమే. డేటాబేస్‌కి కనెక్ట్ అయిందో లేదో చెప్పదు. రీస్టార్ట్ చేసి ఎర్రర్ లాగ్ తెరిచి చూడండి. ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్లు ప్రిపేర్ కాలేదని ఏహెచ్00632 నంబరుతో కనిపిస్తే, టేబుల్ పేరో కాలమ్ పేరో తప్పు, లేదా వెబ్‌ఆథ్ యూజర్‌కి ఆ టేబుల్ మీద హక్కు లేదు.

ఆ తర్వాత ఆజ్ఞతోనే రిక్వెస్టులు పంపే కర్ల్ అనే పనిముట్టుతో, ఫోల్డరు చిరునామాకి కాకుండా లోపలున్న ఒక పీడీఎఫ్ చిరునామాకే రిక్వెస్టు పంపండి. పాస్‌వర్డ్ లేకుండా పంపితే 401 రావాలి. సరైన స్టూడెంటుతో 200, అంటే ఫైలు వచ్చింది. తప్పు పాస్‌వర్డ్‌తో 401. వేరే బ్యాచ్ స్టూడెంటుతో 403. ఇప్పుడు 200 వచ్చిన స్టూడెంటు వ్యాలిడ్_టిల్‌ని నిన్నటి తేదీకి మార్చి మళ్లీ పంపండి. వెంటనే 403 రావాలి. ఇది రాకపోతే ఏర్పాటు పూర్తి కానట్టే. చివరగా డేటాబేస్‌ని ఆపేసి చూడండి. ఎర్రర్ ఏదైనా సరే, ఫైలు మాత్రం రాకూడదు.

కొన్ని సందుల్ని విడిగా చూసుకోవాలి. అపాచీ ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ పెట్టి, బొమ్మలు, పీడీఎఫ్‌లు అదే నేరుగా ఇచ్చేలా చేసి ఉంటే, ఆ ఫైళ్లకి అపాచీ తాళం అసలు తగలదు. సీడీఎన్ (ఫైళ్ల కాపీలు దాచి దగ్గరి నుంచి ఇచ్చే సర్వీసు) ఉంటే ఒకరు పాస్‌వర్డ్‌తో తెరిచిన పీడీఎఫ్ కాపీని దాచి, ఇంకొకరికి పాస్‌వర్డ్ లేకుండా ఇచ్చేసే ప్రమాదం ఉంది. ఈ ఫోల్డర్లకి కాష్-కంట్రోల్ హెడర్‌ని ప్రైవేట్‌గా పెట్టి, సీడీఎన్ చిరునామా నుంచి కూడా పరీక్షించండి. రిక్వైర్ వరసని లిమిట్ గెట్ పోస్ట్ అనే బ్లాకు లోపల పెట్టమని పాత వ్యాసాల్లో కనిపిస్తుంది. పెట్టకండి. అలా చేస్తే మిగతా పద్ధతుల్లో వచ్చే రిక్వెస్టులకు తాళం ఉండదు.

రోజూ నడపడం

ఫ్రంట్ ఆఫీసు మేడం వాడుకునేలా ఒక చిన్న పీహెచ్‌పీ పేజీ చేసి ఇవ్వండి: రోల్ నంబరు, బ్యాచ్, గడువు తేదీ. ఫీజు రసీదు రాసేటప్పుడే ఇవీ నింపేస్తారు. గడువు తేదీ ఖాళీగా వదిలితే సేవ్ కాకూడదు, టేబుల్‌లోనూ ఆ కాలమ్‌ని నాట్ నల్ (ఖాళీ ఒప్పుకోనిది) చేయండి. ఈ పేజీకి ఇన్సర్ట్, అప్‌డేట్ హక్కులున్న వేరే డేటాబేస్ యూజర్ ఉండాలి, వెబ్‌ఆథ్ కాదు. పేజీ ఉన్న ఫోల్డరుకి కూడా ఇదే తాళం, స్టాఫ్ అనే బ్యాచ్ పేరుతో.

పాస్‌వర్డ్‌లు ఊహించేవాళ్లని ఆపడానికి తప్పు ప్రయత్నాలు చేసే చిరునామాల్ని ఆపే ఫెయిల్2బ్యాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అపాచీ-ఆథ్ జైలు (నియమాల సమితి) ఉంది. మామూలు సెట్టింగులో పది నిమిషాల్లో అయిదుసార్లు తప్పు కొడితే ఆ ఐపీ చిరునామాని పది నిమిషాలు ఆపేస్తుంది. మన పరిస్థితిలో ఇది అలాగే వాడితే ఇబ్బందే. ఇన్‌స్టిట్యూట్ వై-ఫైలో కూర్చున్న వందమందీ బయటి ప్రపంచానికి ఒకే ఐపీగా కనిపిస్తారు. కొత్త బ్యాచ్ మొదటి రోజు ఇద్దరు ముగ్గురు తప్పు కొడితే చాలు, క్లాసంతటికీ సైటు ఆగిపోతుంది. మొబైల్ డేటాలోనూ ఎందరో ఒకే చిరునామా వెనక ఉంటారు. మీ ఇన్‌స్టిట్యూట్ స్టాటిక్ ఐపీని ఇగ్నోర్ఐపీలో చేర్చి, మాక్స్‌రీట్రైని 20 దాకా పెంచండి. 14 అక్షరాల యాదృచ్ఛిక పాస్‌వర్డ్‌ని ఇరవైసార్లు కొట్టి ఎవరూ పట్టుకోలేరు.

లాగౌట్ బటన్ మాత్రం ఈ పద్ధతిలో ఉండదు. బ్రౌజరు మూసేదాకా పాస్‌వర్డ్‌ని గుర్తుపెట్టుకుంటుంది. ల్యాబ్ కంప్యూటర్లలో ప్రైవేట్ విండోలోనే తెరవమని, అన్ని విండోలూ మూసి లేవమని చెప్పండి. లాగౌట్ తప్పనిసరి అనుకుంటే లాగిన్ పేజీతో నడిచే మాడ్_ఆథ్_ఫామ్ మాడ్యూల్‌కి వెళ్లవచ్చు. టేబుళ్లు, రెండు ప్రశ్నలు అవే ఉంటాయి. సెషన్‌లో పాస్‌వర్డ్ కూడా ఉంటుంది కాబట్టి సెషన్‌ని రహస్య రూపంలో ఉంచే మాడ్_సెషన్_క్రిప్టో తోడు లేకుండా మాత్రం వాడకండి.

స్టూడెంటు తన పాస్‌వర్డ్‌ని స్నేహితుడికి ఇస్తే ఏ టెక్నాలజీ ఆపలేదు. యాక్సెస్ లాగ్‌లో ఒకే రోల్ నంబరు ఒకే సాయంత్రం ఏడెనిమిది చిరునామాల నుంచి కనిపిస్తే, ముందు పిలిచి మాట్లాడండి. వై-ఫై నుంచి మొబైల్ డేటాకి మారినా చిరునామా మారుతుంది కాబట్టి రెండు మూడు చూసి ఎవరినీ అనుమానించకండి. పాస్‌వర్డ్ నిజంగానే చేతులు మారిందని తేలితే కొత్తది ఇవ్వండి. అయిదు నిమిషాల్లో పాతది చెల్లకుండా పోతుంది.